నాలుగున్నర గంటల వేళ ఆకలి

బడి నుంచి వచ్చిన పిల్లల చేతికి ముందు ఏ డబ్బా అందుతుంది? ముడి దినుసుల తిండి మన ఇళ్లలోకి తిరిగి రావాలంటే ముందు ఆ డబ్బా సంగతి తేలాలి. అంతకంటే ముందు, వందేళ్ల కిందట తెల్లబియ్యం మన కోస్తాకు నేర్పిన పాఠం ఒకటి గుర్తు చేసుకోవాలి.

బస్సు దిగిన పిల్లాడు సంచి ఓ మూల పడేసి, బూట్లు విప్పీ విప్పకుండానే వంటింట్లోకి వస్తాడు. సాయంత్రం నాలుగున్నర. పొద్దున హడావుడిలో మింగిన రెండిడ్లీలు, మధ్యాహ్నం సగం వదిలేసిన బాక్సు ఎప్పుడో అరిగిపోయాయి. అది నిజమైన ఆకలి. ఆ సమయంలో పోషకాల గురించి ఎంత చెప్పినా వాడి చెవికెక్కదు. అందిందే తింటాడు. అందే ఎత్తులో చిప్స్ ప్యాకెట్ ఉంటే చిప్స్, క్రీమ్ బిస్కెట్లు ఉంటే అవి, ఉడకబెట్టిన పల్లీల గిన్నె ఉంటే పల్లీలు.

మా అమ్మమ్మగారి ఊరు కోనసీమలో. సాయంత్రమయ్యేసరికి అక్కడ ఏదో ఒకటి సిద్ధంగా ఉండేది. చలికాలంలో తేగలు, చిలగడదుంపలు. వేసవిలో ముంజెలు, పనసతొనలు. ఏ పండూ లేని రోజు తిరగమోత పెట్టిన శనగల గుగ్గిళ్లు. మా అత్తగారిది జహీరాబాద్ వైపు. ఆ గుగ్గిళ్లనే ఆమె గుడాలంటారు. జొన్న ప్యాలాలు, మంటలో కాల్చిన పచ్చి శనగకాయ, సజ్జరొట్టెను బెల్లంతో నలిపిన మలీద, పొలం గట్టున సీతాఫలాలు ఆమె చిన్ననాటి చిరుతిళ్లు. ఒక ఊళ్లో తాటిచెట్టు, ఇంకో ఊళ్లో జొన్నచేను. ఇంటి యాస వేరు, నేల వేరు. కానీ రెండిళ్లలోనూ పిల్లల చేతికి అందిన తిండిని చూడగానే అది ఏ చెట్టుదో, ఏ చేనుదో చెప్పగలిగేవాళ్లం.

ఇప్పుడు మా వంటింట్లో అలమర తలుపు తీస్తే చెప్పలేకపోతున్నాను. పసుప్పచ్చ గొట్టాల్లా ఉన్న ఆ కరకరలాడే తిండి దేనితో చేసిందని మా అబ్బాయి అడిగితే ప్యాకెట్ వెనక్కి తిప్పి చదివాను. మొక్కజొన్న పిండి, పామోలిన్ నూనె, మాల్టోడెక్స్‌ట్రిన్, రుచి పెంచే ఫలానా అంకె, రంగు కోసం ఇంకో అంకె. ఈ కథనం రాయాలనిపించింది ఆ సాయంత్రమే.

తెల్లన్నం తెచ్చిన రోగం

ప్రాసెస్డ్ ఫుడ్ అనగానే ఇదేదో నిన్నమొన్న సూపర్‌మార్కెట్లతో పాటు వచ్చిన ముప్పు అనుకుంటాం. తెలుగు నేల మీద ఈ కథ వందేళ్ల కిందటే మొదలైంది. మొదలుపెట్టింది ప్యాకెట్ కాదు, బియ్యం మిల్లు.

ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో దేశంలో బెరిబెరి రోగం పాతుకుపోయిన ప్రాంతమేదంటే వైద్యులు ఉత్తర సర్కారుల పేరు చెప్పేవారు. అంటే మన కోస్తా జిల్లాలే. కాళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పేవి. ఒళ్లు నీరు పట్టేది. గుండె బలహీనపడేది. తల్లిపాలు తాగే పసిబిడ్డలు హఠాత్తుగా చనిపోయేవారు. వరి దండిగా పండే డెల్టా పక్కనే, కడుపు నిండా అన్నం తినేవాళ్లకే ఈ రోగం రావడం అప్పటివాళ్లకు అంతుపట్టలేదు.

అంతకుముందు జావా ద్వీపంలో క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు కోళ్లలో ఇలాంటి రోగమే చూశాడు. ఆస్పత్రి వంటశాలలో మిగిలిన తెల్లన్నం తిన్నంత కాలం కోళ్లు కాళ్లు పడిపోయి ఒరిగిపోయేవి. పాలిష్ పట్టని బియ్యం వేయగానే లేచి తిరిగేవి. తవుడుతో పాటు ఏదో ముఖ్యమైనది పోతోందని అక్కడ తేలింది. తర్వాత దాన్నే బి1 విటమిన్ అన్నారు. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది.

మన దగ్గర ఈ రోగం సంగతి తేల్చడానికి రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు 1918లో నీలగిరుల్లోని కూనూరులో ఒక చిన్న గదిలో పరిశోధన మొదలుపెట్టాడు. బెరిబెరి విచారణ విభాగం అని దాని పేరు. అదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాక మీదుగా వెళ్లే వాళ్లలో ఎంతమందికి తెలుసో కానీ, రోడ్డు పక్కన కనిపించే ఆ సంస్థ పుట్టుక వెనక ఉన్నది అన్నం తినేవాళ్ల రోగమే.

ఆ పరిశోధనల్లో బయటపడిన ఒక విషయం నాకు అన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది. తమిళ, మలయాళ ప్రాంతాల్లోనూ మిల్లు బియ్యమే తినేవారు. కానీ అక్కడ ఎక్కువగా వాడింది ఉప్పుడు బియ్యం. వడ్లను నానబెట్టి, ఆవిరికి ఉడికించి, ఎండబెట్టి ఆ తర్వాత మర పట్టించేవారు. ఉడికేటప్పుడు తవుడు పొరలోని బి1 గింజ లోపలికి ఇంకిపోతుంది. ఆ తర్వాత పైపొర పోయినా విటమిన్ చాలావరకు నిలుస్తుంది. మన కోస్తావాళ్లు పచ్చి బియ్యాన్ని తెల్లగా మర పట్టించుకున్నారు. రెండు మూడు నీళ్లు పోసి కడిగారు. గంజి వార్చి పారబోశారు. మిగిలిన కాస్తా అలా పోయింది. ముడిబియ్యంలో ఉండే బి1లో పాలిష్ పట్టిన పచ్చి బియ్యంలో మిగిలేది దాదాపు ఐదో వంతే.

నానబెట్టడం, ఉడికించడం, ఎండబెట్టడం కూడా ప్రాసెసింగే కదా! గింజ మీద ఒక పని చేయడం వల్ల ప్రాంతాలకు ప్రాంతాలు రోగం నుంచి తప్పించుకున్నాయి. అదే గింజ మీద ఇంకో పని చేయడం వల్ల మనవాళ్లు రోగాన పడ్డారు. కాబట్టి దినుసును ముట్టుకోకుండా ఉంటేనే మంచి తిండి అని నేననను. మినప్పప్పును రుబ్బి రాత్రంతా పులియబెట్టాకే ఇడ్లీ. పాలను తోడేస్తేనే పెరుగు. రాగులను మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి విసిరితేనే పిల్లలకు సులువుగా అరిగే పిండి. ఆ పనుల్లో గింజకు ఏదో ఒకటి చేరుతుంది, లేదా ఉన్నది నిలుస్తుంది. పాలిష్ మరలో ఉన్నది పోతుంది. పోయిన చోట చక్కెర, నూనె, ఉప్పు, రంగు, వాసన నింపి అమ్మేది ఫ్యాక్టరీ. తినేముందు అడగాల్సింది ఆ గింజకు ఏం చేశారు, అందులోంచి ఏం తీశారు, బదులుగా ఏం పెట్టారు అని.

నాలుగు గంపలు

ఈ ప్రశ్ననే 2009లో బ్రెజిల్ శాస్త్రవేత్త కార్లోస్ మాంటీరో ఒక పద్ధతిలో పెట్టాడు. సావో పాలో విశ్వవిద్యాలయంలోని ఆయన బృందం తిండిని పోషకాలను బట్టి కాకుండా, దాని మీద జరిగిన పనిని బట్టి విడదీసింది. నోవా వర్గీకరణ అని పేరు. మన సరుకులతో చెప్పుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది.

మొదటి గంపలో ముడిబియ్యం, జొన్నలు, పెసలు, కందిపప్పు, తోటకూర, గుడ్లు, చేపలు, పాలు, అరటిపండు. రెండో గంపలో ఇవి వండటానికి వాడేవి: నూనె, నెయ్యి, ఉప్పు, బెల్లం, చక్కెర. మూడో గంపలో మొదటి రెండూ కలిపి నిల్వ ఉండేలా చేసినవి. మన ఆవకాయ, వడియాలు, ఉప్పుచేపలు ఇక్కడికే వస్తాయి. నాలుగో గంప పూర్తిగా వేరు. కూల్‌డ్రింకులు, ఇన్‌స్టంట్ నూడుల్స్, క్రీమ్ బిస్కెట్లు, పాలల్లో కలిపే తియ్యటి పొడులు. ఇంటి వంటలో ఎప్పుడూ వాడని పదార్థాలు, ఏ ఇంట్లోనూ చేయలేని పనులు వీటి తయారీలో ఉంటాయి. వీటినే అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారం అంటున్నారు.

ఆవకాయ ప్రియులకు ఒక మాట. మూడో గంపలోది విషం కాదు. కానీ అందులో ఉప్పూ నూనే దండిగా ఉంటాయి. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు మించొద్దని వైద్యులు చెబుతారు. అంటే ఒక చెంచాడు. పచ్చడి రుచి కోసం నాలిక్కి తగలాలి. దానితోనే కంచంలో అన్నమంతా కలిపేసుకుంటే కూరకు చోటు మిగలదు.

ఈ నాలుగో గంప మనిషిని ఏం చేస్తుందో అమెరికాలో కెవిన్ హాల్ బృందం చేసిన ప్రయోగం చూపించింది. 2019లో ఫలితాలు వచ్చాయి. 20 మందిని ఆస్పత్రిలోనే ఉంచి రెండు వారాలు అల్ట్రా ప్రాసెస్డ్ తిండి, రెండు వారాలు ముడి దినుసులతో వండిన తిండి పెట్టారు. రెండు రకాల భోజనాల్లోనూ వడ్డించిన కేలరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు సమానంగా ఉండేలా చూశారు. ఎవరికి ఎంత కావాలంటే అంత తినొచ్చు. ప్యాకెట్ తిండి తిన్న రోజుల్లో వాళ్లు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. దాదాపు ఒక కిలో బరువు పెరిగారు. ముడి తిండికి మారిన రెండు వారాల్లో అంతే తగ్గారు. వాళ్లు తిండిపోతులు కారు. మెత్తగా, నమలకుండానే దిగిపోయే తిండిని వేగంగా తిన్నారు. కడుపు నిండిందన్న కబురు మెదడుకు చేరేలోపే కంచం ఖాళీ అయింది.

జొన్నరొట్టెను గబగబా తినడం ఎవరి తరమూ కాదు. తుంచాలి, పప్పులో అద్దాలి, నమలాలి. ఆ నమలడంలోనే ఆకలి తీరుతుంది.

ఆ ప్రయోగంలోనే ఇంకో లెక్క ఉంది. ముడి తిండికి ఖర్చు ఎక్కువైంది. వండటానికి సమయమూ పట్టింది. దాన్ని దాచి, ఇంట్లో వండుకోండి, అంతా బాగుంటుంది అని తేలిగ్గా చెప్పేయడం నాకిష్టం లేదు.

వరన్నం మీద మోజు ఊరికే రాలేదు

పాతరోజులు బంగారం అనుకునే ముందు ఒకటి ఒప్పుకోవాలి. మెట్ట ప్రాంతాల్లో జొన్న, రాగి, కొర్ర తిన్నవాళ్లు చాలామంది గతిలేక తిన్నారు. వరన్నం పండక్కి, చుట్టాలొస్తే. జొన్నకూడు పేదరికానికి గుర్తు. పల్నాటి జొన్న మీద చిరాకుపడుతూ శ్రీనాథుడు చెప్పినవిగా ప్రచారంలో ఉన్న చాటువులను బట్టి చూస్తే ఈ చిన్నచూపు ఆరు వందల ఏళ్ల నాటిది. మా అత్తగారు ఇప్పటికీ ఒకమాట అంటారు: "మా ఇంట్ల రోజూ బువ్వ వండుకున్న రోజు మా నాయిన కండ్లల్ల నీళ్లొచ్చినయి బిడ్డా." బువ్వ అంటే వాళ్లకు వరి అన్నమే. ఆ కన్నీళ్లను తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు.

1983లో రేషన్‌లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. లక్షల ఇళ్లలో ఆకలి తీరింది. ఆ మేలు కాదనలేనిది. అయితే చవగ్గా తెల్లబియ్యం ఇంటికొస్తుంటే చేలో జొన్న ఎందుకు వేయాలి, ఎవరు దంచాలి, ఎవరు విసరాలి? మెట్ట పొలాలు ఒక్కొక్కటీ బీడుపడ్డాయి, లేదంటే పత్తికి మారాయి. చేను మారాక కంచం మారింది.

దానికి ఎదురునిలిచిన వాళ్లు జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో ఉన్నారు. 1983లోనే మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ నీడన దళిత మహిళలు సంఘాలుగా కూడారు. బీళ్లు సాగు చేసి జొన్న, కొర్ర, సామ, కంది, అనుములు కలిపి పండించారు. విత్తనాన్ని బూడిద, వేపాకు వేసి గంపల్లో, కుండల్లో దాచారు. 1990ల మధ్యలో ఊరి జొన్నను ఊళ్లోనే నిల్వచేసి, పేదింటివాళ్లకు తక్కువ ధరకు అందించే సొంత రేషన్ పద్ధతి నడిపారు. ఏటా సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరిగే పాతపంటల జాతర వాళ్లదే. ఆ సంస్థ నిర్మాతల్లో ఒకరైన పి.వి. సతీశ్ 2023 మార్చిలో కన్నుమూశారు. ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది కూడా 2023నే.

ఆ చేలల్లో ఇంకో పంట ఉంటుంది. ఎవరూ వేయరు, అదే మొలుస్తుంది. చెంచలికూర, దొగ్గలికూర, గంగవాయిలి, తుమ్మికూర. బతుకమ్మలో పేర్చే గునుగు లేతాకు కూడా కూరే. కలుపుమందు కొట్టని చేలోనే ఇవి బతుకుతాయి. జొన్నరొట్టె, పప్పులో వేసిన చెంచలికూర, పక్కన ఉల్లిగడ్డ: మా అత్తగారింట ఇది పేద భోజనమే. ఇవాళ ఏ పోషకాహార నిపుణుడికి చూపించినా వంక పెట్టలేని భోజనం కూడా అదే.

రెండు వైపులా కాలుతున్న కంచం

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రెండు అంకెలు పక్కపక్కనే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సుమారు 36 శాతం మంది అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. అదే వయసు స్త్రీలలో దాదాపు 59 శాతం మందికి రక్తం చాలదు. తెలంగాణలో ఆ అంకెలు 30, 58 దగ్గరగా ఉన్నాయి. కొందరు ఆడవాళ్లకు ఒంట్లో కొవ్వు ఎక్కువ, నెత్తురు తక్కువ. పొట్ట నిండుతోంది, ఒళ్లు నిండడం లేదు. తెల్లన్నం ఎక్కువ, ఆకుకూర తక్కువ అయిన కంచంలో ఈ రెండూ ఒకేసారి సాధ్యం.

ఆకుకూరల దగ్గర మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గుర్తొస్తారు. పోషకాలు ఒంటికి పట్టనివ్వని స్ప్రూ వ్యాధితో ఆయన తన అన్నదమ్ముల్ని పోగొట్టుకున్నారు. తర్వాత అమెరికాలో 1940లలో ఆయన నడిపించిన పరిశోధక బృందమే ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. ఫోలిక్ అన్న మాటకు లాటిన్‌లో మూలం ఆకు. గర్భిణికి డాక్టరు రాసిచ్చే ఆ చిన్న మాత్రలోని విటమిన్ తోటకూరలో, పాలకూరలో, పెసల్లో, శనగల్లో సహజంగానే ఉంటుంది. మాత్ర వేసుకోవద్దని కాదు. కూర కూడా తినాలని.

2024 మేలో జాతీయ పోషకాహార సంస్థ విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు దేశంలోని రోగభారంలో 56.4 శాతం సరిలేని తిండి వల్లేనని చెప్పాయి. రోజుకు 2000 కేలరీలు అవసరమైన మనిషికి ఒక కంచం లెక్క కూడా ఇచ్చాయి. కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు. పండ్లు 100. ధాన్యం 250. పప్పులు, గుడ్లు, మాంసం లాంటివి 85. పల్లీలు, నువ్వుల్లాంటి గింజలు 35. ధాన్యం కంటే కూరే ఎక్కువ అన్న సంగతి గమనించండి. మన ఇళ్లలో అన్నం గుట్ట పోసుకుని, దాని మీద కూర అద్దుకుంటాం. ఈ తిండిని సరిచేయడానికి ఖరీదైన సరుకేదీ కొనక్కర్లేదు. వరస మార్చి వడ్డిస్తే చాలు: ముందు కూర, తర్వాత పప్పు, ఆపైన అన్నం.

రోకలి ఎవరి చేతిలో

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. దంచడం, విసరడం, రుబ్బడం, ఏరడం, నానబెట్టడం, ఇవన్నీ ఎవరు చేశారు? ఆడవాళ్లు. తెల్లవారుజామున లేచి తిరగలి తిప్పిన భుజాల నొప్పి ఆ మంచి తిండి వెనక ఉంది. మిల్లు వచ్చినప్పుడు మా అమ్మమ్మ మొక్కుకుంది. మిక్సీ వచ్చినప్పుడు మా అమ్మ మురిసిపోయింది. ఇప్పుడు ఆరోగ్యం పేరుతో ఆ పనంతా మళ్లీ ఉద్యోగం చేసి అలసిపోయి వచ్చిన ఆడమనిషి నెత్తిన పెడితే ఈ అలవాటు మూడు వారాలు కూడా నిలవదు, నిలవకూడదు కూడా.

మా ఇంట్లో మొదటిసారి నేను చేసిన తప్పు అదే. ఒక సోమవారం నుంచి అంతా మారిపోవాలన్నాను. తెల్లబియ్యం, బిస్కెట్లు అన్నీ బయట పెట్టేశాను. పొద్దున కొర్ర ఉప్మా, మధ్యాహ్నం ముడిబియ్యం, రాత్రి రాగి సంకటి, అన్నీ నేనే. కొర్రలు నానబెట్టకుండా వండితే గొంతులో అడ్డం పడ్డాయి. ఒక్కసారిగా పెరిగిన పీచుకు అందరికీ కడుపుబ్బరం. బుధవారం రాత్రి పిల్లాడు ఏడుస్తూ పడుకున్నాడు. శుక్రవారానికి నూడుల్స్ తిరిగొచ్చాయి. మా అత్తగారు అప్పుడే కల్పించుకున్నారు. "ఎడ్లకు కూడా కొత్త మేత కొద్దికొద్దిగ కలిపి అలవాటు చేస్తరు. మనుషులకు ఒక్కదినంల అయితదా?" అన్నారు.

ఆమె చెప్పినట్టే రెండోసారి మొదలుపెట్టాం. బియ్యంలో నాలుగో వంతు దంపుడు బియ్యం. గంటసేపు నానబెట్టి, నీళ్లు కాస్త ఎక్కువ పోసి వండటం. నెలకు సగం సగం అయింది. తెల్లన్నం పూర్తిగా మానలేదు. పెరుగన్నానికి మా వాడికి అదే కావాలి, ఉండనిచ్చాం. కొర్రలు, సామలు వారానికి రెండుసార్లు, కొన్ని గంటలు నానాకే. పీచు పెరిగినకొద్దీ నీళ్లు ఎక్కువ తాగాలని అందరికీ చెప్పాల్సి వచ్చింది.

పనులు పంచుకున్నాం. శనివారం సంతకు వెళ్లడం, ఆకుకూర ఒలవడం మా ఆయన పని. కడిగి ఆరబెట్టి గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు నిలుస్తుంది. ఆదివారం శనగలు, బొబ్బర్లు, పెసలు నానబెట్టేది పిల్లాడు. ఏ రోజు ఏ గింజో వాడే ఎంచుకుంటాడు. రాగుల్ని రాత్రంతా నానబెట్టి, నీళ్లు వంచి, పలచటి గుడ్డలో మూటగట్టి వేలాడదీస్తే ఒక రోజుకు మొలకలొస్తాయి. నీడపట్టున ఆరబెట్టి, వేయించి, మరకు పంపితే నెల సరిపోతుంది. పల్లీలు ఉడకబెట్టడానికి కుక్కర్ చాలు, వంట రానక్కర్లేదు. రాత్రి మిగిలిన అన్నంలో పలచటి మజ్జిగ పోసి ఉంచితే పొద్దునకు చద్దన్నం. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుంటే ఎండాకాలం అంతకు మించిన టిఫిన్ లేదు. దానికి పొయ్యి కూడా వెలిగించక్కర్లేదు.

అలమర కూడా మార్చాం. బిస్కెట్లు కొనడం పూర్తిగా మానలేదు, అందనంత ఎత్తుకు పంపించాం. కింద అరలో గాజు సీసాల్లో వేయించిన శనగలు, పల్లీలు, బెల్లం, ఎండుకొబ్బరి. బల్ల మీద జామకాయలు. నాలుగున్నరకి గుగ్గిళ్ల గిన్నె మూత తీసి ఉండాలి, ఫ్రిజ్‌లో దాచి కాదు. ఈ ఒక్క మార్పు మా ఇంట్లో నేను చేసిన ఉపన్యాసాలన్నిటి కంటే బాగా పనిచేసింది.

ప్యాకెట్ వెనక్కి తిప్పండి

కొనక తప్పనప్పుడు చదివి కొనాలి. ముందువైపు బొమ్మలు, పొగడ్తలు. సంగతంతా వెనకవైపు చిన్న అక్షరాల్లో. పదార్థాల పట్టికలో ఏది ఎక్కువ బరువుంటే అదే ముందు రాయాలన్నది నిబంధన. రాగి బిస్కెట్ అని కొన్నదాంట్లో మొదట మైదా, తర్వాత చక్కెర, ఆపైన పామోలిన్, ఎక్కడో నాలుగో చోట రాగిపిండి ఉంటే అది మైదా బిస్కెటే. రిఫైన్డ్ వీట్ ఫ్లోర్ అన్నా మైదానే. చక్కెరకూ చాలా పేర్లు: లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్, డెక్స్‌ట్రోజ్. మామూలు కూల్‌డ్రింకులో 100 మిల్లీలీటర్లకు 10 గ్రాముల పైనే చక్కెర. ఒక గ్లాసుకు ఆరు చెంచాలు. రోజంతటికీ 25 గ్రాములు దాటొద్దన్న పరిమితి ఆ ఒక్క గ్లాసుతోనే తీరిపోతుంది.

పేరును నమ్మి మోసపోవడం ఎంత దూరం పోతుందో హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ పోరాటం చెబుతుంది. విరేచనాలతో నీరసించిన పిల్లలకు ఇవ్వాల్సిన ఓఆర్‌ఎస్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజే ఉండాలి. దానికి ఎన్నో రెట్లు చక్కెర ఉన్న పళ్లరసాల పానీయాలు పేరులో ఓఆర్‌ఎస్ తగిలించుకుని మందుల దుకాణాల్లోనే అమ్ముడుపోయాయి. అవి తాగితే విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయని ఆమె ఏళ్ల తరబడి చెప్పారు, కోర్టుకెక్కారు. చివరికి 2025 అక్టోబరులో ఆ సూత్రానికి సరిపోని ఏ పానీయం మీదా ఆ పేరు వాడకూడదని ఆహార భద్రత సంస్థ ఆదేశించింది. పాలల్లో కలిపే పొడుల సంగతీ ఇలాంటిదే. హెల్త్ డ్రింక్ అన్న మాటకు ఆహార భద్రత చట్టంలో నిర్వచనమే లేదు. ఆ పేరు కింద వాటిని అమ్మొద్దని ఆన్‌లైన్ దుకాణాలకు కేంద్రం 2024 ఏప్రిల్‌లో చెప్పింది.

చిరుధాన్యాల పేరుతోనూ జాగ్రత్త అవసరం. తెల్లగా మెరిసే కొర్రబియ్యం తవుడు పోయిన కొర్రబియ్యమే. వందేళ్ల కిందట వరికి జరిగిందే ఇప్పుడు కొర్రకూ జరుగుతోంది. తవుడున్న గింజ కాస్త గోధుమరంగులో, గరుగ్గా ఉంటుంది. దాంట్లోని నూనె వల్ల తొందరగా ముక్క వాసన వస్తుంది కాబట్టి రెండు మూడు కిలోలకు మించి కొనొద్దు. షుగర్ ఉన్నవాళ్లు పలచటి రాగి జావ గ్లాసులకు గ్లాసులు తాగితే చక్కెర వేగంగా పెరగొచ్చు. సంకటి గానీ రొట్టె గానీ ఆకుకూరతో, పప్పుతో కలిపి తినడం మేలు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఏ మార్పయినా డాక్టరునడిగే చేయాలి. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టాలంటే నిమ్మరసం పిండుకోండి. భోజనానికి ముందో గంట, తర్వాతో గంట టీ, కాఫీలు పక్కన పెట్టండి.

ఇంట్లో ఎంత చేసినా బడి గేటు ఎదుట దుకాణం ఉంటుంది. ఇది ఇళ్ల పని మాత్రమే కాదు. ఆంధ్రప్రదేశ్ సర్కారు బడుల్లో 2023 మార్చి నుంచి రాగి జావ ఇవ్వడం మొదలైంది. పల్లీ చిక్కీ, గుడ్డు అంతకుముందే ఉన్నాయి. అలాంటివి ప్రతి బడికీ, హాస్టలుకూ, అంగన్‌వాడీకీ తప్పకుండా అందాలి. చిలీ దేశం 2016 నుంచి చక్కెర, ఉప్పు, కొవ్వు మితిమీరిన ప్యాకెట్ల మీద ముందువైపే నల్లటి ఎనిమిది పలకల హెచ్చరిక వేయిస్తోంది. చదువు రాని తల్లికి కూడా ఒక్క చూపులో తెలిసిపోయే గుర్తు అది. మన ప్యాకెట్ల మీద కూడా అలాంటిది రావాలి. కళ్లజోడు పెట్టుకుని వెనక పట్టిక చదవాల్సిన భారమంతా కొనేవాళ్ల మీదే ఎందుకు?

పోయిన ఆదివారం మా వాడు పెసలు నానబెట్టి, గుడ్డలో మూట కట్టి, తలుపు గొళ్లేనికి వేలాడదీశాడు. సోమవారం బడి నుంచి వస్తూనే బూట్లతోనే దాని దగ్గరికి పరిగెత్తాడు. మూట విప్పి, "నాయనమ్మా, తోకలొచ్చాయి!" అని అరిచాడు. ఆమె ఉప్పు చల్లి, నిమ్మకాయ పిండారు. ఇద్దరూ గడప మీద కూర్చుని గిన్నె ఖాళీ చేశారు. నాకు మిగల్చలేదు.